ఒంట్లో లేచిన కేక

వణుకు మళ్ళీ మొదలైంది. ముందు వీపు మధ్యలో, తర్వాత భుజాల్లో, ఇంకాసేపటికి దవడల్లోకి ఎక్కి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, పైన రేకులు ఎండకి పటపటమంటున్నాయి, కింద ఆసుపత్రి విడి గదిలో ఇథుంగు రెండు దుప్పట్లు కప్పుకుని మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుంది, బయట కోకో గింజలు నిమ్మళంగా ఎండుతున్న ఎండలో తనకి మాత్రం ఇంత చలి ఎక్కడ దొరికిందో అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి. భోజనాల వేళ దాటింది. పొద్దు వాలేలోగా కారు వస్తుంది. ఆ కారు ఊరికే వస్తున్నది కాదు, భర్త పెదనాన్న ఎంబూసా పంపిస్తున్నది, ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చైర్మన్, ఆయన దగ్గితే జిల్లా ఆఫీసులో కుర్చీలు ఖాళీ అవుతాయి, ఆయనే మాట్లాడి ఒప్పించాడు, రక్తపరీక్షలో రోగం లేదని వచ్చింది కదా, ఒళ్ళు చల్లబడింది కదా, చంటిబిడ్డ తల్లి, ఇంట్లోనే ఒక గదిలో ఉంచుతాం పంపించండి అని. పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు, చిన్న డాక్టరు కాసేపు గొణిగి సరేనన్నాడు, కారెక్కే ముందు ఒక్కసారి జ్వరం చూస్తాం, లేకపోతే వెళ్ళిపోవచ్చు అన్నాడు. అంటే గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఒళ్ళు చల్లగా ఉంటే చాలు, ఇల్లు. ఇల్లంటే మాసికా.

కూతురు మాసికాకి ఏడో నెల. ఈ కొండల్లోని కొంజో జనం ఇళ్ళలో పేరు కోసం ఎవరూ తల బద్దలు కొట్టుకోరు, మొదటి ఆడపిల్ల మాసికా, రెండోది బీరా, అలా వరసలో వస్తూ ఉంటాయి, ఇథుంగు అంటేనే అయిదోదని ఊరందరికీ తెలుసు, నలుగురు అక్కలు వాడి వదిలేసిన గౌనులు, పలకలు, చెప్పులు, ఆఖరికి తిట్లు కూడా వాడినవే తనకి వచ్చేవి, ఈ రోగమొక్కటే ఎవరూ వాడకుండా నేరుగా తన వాటాకి వచ్చింది. వచ్చిందో లేదో ఇంకా తెలీదు. అదే కదా గొడవంతా. ఆ ముసలాయన, వనిల్లా తోట ఆయన, మలేరియా పరీక్ష చెయ్యమని తను పనిచేసే లాబ్‌లోకి వచ్చి కుర్చీలో కూర్చోలేక పడబోతూ తన చెయ్యి పట్టుకున్నాడు, గ్లోవ్‌కీ కోటు చేతికీ మధ్య బోసిగా కనిపించే ఆ కాస్త చోటే పట్టుకున్నాడు, ఆయన చెయ్యి తడిగా ఉంది, చెమటేనని అనుకుంది, కడుక్కుంది, ఆయన వారం తిరక్కుండా పోయాడు, పోయాక తెలిసింది ఏం రోగమో. ఆయన మీద కోపం రావడం లేదు. పడబోయేవాడు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు. ఆ చోట ఇప్పుడు దురద పుడుతోంది, అది రోగం కాదు, తలుచుకోవడం వల్ల పుట్టే దురద, అయినా గోకింది.

పరీక్ష అబద్ధం చెప్పలేదు. వేళ కాని వేళ అడిగారు దాన్ని. జ్వరం పొడసూపిన సాయంత్రమే రక్తం తీశారు, అప్పటికి ఆ పురుగు ఒంట్లో ఉన్నా రక్తంలో లెక్కకి అందేంత ఉండదు, మూడు రోజులు నిండాక తీసిన రక్తం చెప్పిందే మాట, ఆ రెండో రక్తం రేపు పొద్దున తీస్తారు. ఇన్నేళ్ళుగా లాబ్ కిటికీలోంచి ఎంతమందికి చెప్పిందో ఈ మాట, లేదని వస్తే లేదని కాదమ్మా, ఇంకా కనబడలేదని, రేపు మళ్ళీ రండి. అందరూ బుద్ధిగా తలూపి వెళ్ళేవాళ్ళు. మొన్న తనకి లేదని వచ్చిందని నర్సు థెంబో కిటికీ దగ్గరికొచ్చి అరిచి చెబితే కంచె అవతల నిలబడ్డ అత్తగారు కబుగో చేతులు పైకెత్తి నాలుక ఆడించి ఎంత సంబరంగా కూసిందంటే రోడ్డు మీద మోటార్‌సైకిళ్ళు ఆగాయి, ఇంటికెళ్ళి కోడి కూడా కోయించిందట, కోడలు మాత్రం లోపల్నుంచి ఇంకా కాదు అత్తమ్మా అంటోంది, మిషన్ కంటే నీకెక్కువ తెలుసా అని ఆవిడ ఒక్క మాటతో నోరు మూయించింది. ఇక ఒళ్ళు చల్లబడటం సంగతి చూస్తే దాని పుణ్యం థెంబోది. పొద్దున తల పగిలిపోతోందని తనే అడిగింది, మంచివాడు కాబట్టి రెండు మాత్రలిచ్చాడు, దాహం వేస్తే నీళ్ళిచ్చినట్టు ఇచ్చాడు, మధ్యాహ్నం చిన్న డాక్టరు వచ్చి జ్వరం చూసుకుని మురిసిపోయాడు. ఇప్పుడు మాత్ర బలం దిగిపోయింది. దిగిపోయిందని ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు.

కేక లేచింది, అంతే. ఊరి ఆరోగ్య కార్యకర్తలకి బడి వరండాలో పాఠం చెప్పేటప్పుడు ఎలా చెప్పాలో తెలీక తికమకపడి, తెల్ల రక్తకణాలంటే సగంమంది ఆవులిస్తుంటే, చివరికి కేక సంగతి ఎత్తుకుంది, అప్పుడు అందరూ సర్దుకు కూర్చున్నారు. ఎందుకంటే కొండ మీద పుట్టిన వాళ్ళకెవరికీ కేక గురించి చెప్పక్కర్లేదు. ఒక ఇంట్లో దొంగ పడితే ఆ ఇల్లాలు గొంతు చించుకుని కేక పెడుతుంది, పక్కింటి వాళ్ళు అందుకుంటారు, వాళ్ళ పక్కవాళ్ళు అందుకుంటారు, నిమిషంలో కొండ వాలంతా కేకే, ఎవరూ ఇంట్లో ముసుగుతన్ని పడుకోవడానికి వీల్లేదు, పడుకున్నవాడి మీదే మర్నాడు అనుమానం. ఒళ్ళూ అంతే అని చెప్పింది. వైరస్ దూరిన కణం చస్తూ చస్తూ ఒక కేక పెడుతుంది, ఆ కేకకి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టుకున్నాం, పేరు మర్చిపోయినా పర్వాలేదు, పక్క కణాలు అది వినగానే గడియలు వేసుకుని పొయ్యిలు ఆర్పేస్తాయి, వంటే మానేస్తాయి, ఎందుకంటే ఆ దొంగ తనది ఏమీ తెచ్చుకోడు, మన పొయ్యి మీద మన గిన్నెలోనే తన పిల్లల్ని వండుకుంటాడు, పొయ్యి ఆరితే వాడి పని ఆగుతుంది. గస్తీ తిరిగే కణాలు వేరే ఉంటాయి, దొంగ దూరి గుమ్మం ముందు దీపం ఆర్పేసిన ఇంటిని ఎవరిదీ ఏమిటీ అని అడక్కుండా పడగొట్టేస్తాయి. ఒళ్ళు వేడెక్కడం కూడా ఆ హడావిడిలో భాగమే. మరి ఆ దొంగ పేరు ఎవరు కనుక్కుంటారు టీచరమ్మా అని వెనక నుంచి ఒక పెద్దామె అడిగింది, మంచి ప్రశ్న, కేక పెట్టేవాళ్ళకి పేరు తెలీదు, మనవాడు కాదని మాత్రం తెలుసు, పేరూ మొహమూ గుర్తుపట్టి వెతికేవాళ్ళు తర్వాత వస్తారు, వాళ్ళు తయారయ్యేసరికి వారం, ఇంకా పైన, అప్పటిదాకా ఊరు నిలబడాలి.

నిలబడాలి అని ఎంత సులువుగా చెప్పింది, వరండాలో, టీ తాగి, గోడకి ఆనుకుని. ఈ రోగం సంగతి ఆ రోజు చెప్పలేదు వాళ్ళకి, భయపడతారని. మిగతా దొంగలు గోడ దూకుతారు, ఇది తిన్నగా కాపలావాడి దగ్గరికే పోతుంది, కాపలా కణం లోపలికే దూరి వాడి నోరు నొక్కేస్తుంది, కేక బయటికి రానివ్వదు, ఆపైన వాడి భుజాల మీదే కూర్చుని కాలేయానికీ ప్లీహానికీ ఊరేగుతుంది. నోరు పూర్తిగా నొక్కగలిగితే గెలుస్తుంది. అందరిలోనూ గెలవదు. ఈ కొండల్లో ఇది వచ్చిన ప్రతిసారీ సగంమందికి పైనే బతికి బయటపడ్డారు, ఎవరి ఒంట్లో కేక మొదట్లోనే గట్టిగా లేచిందో వాళ్ళకి అవకాశం ఎక్కువని చదివింది, చదివినప్పుడు అదొక వాక్యం, పరీక్షలో రాస్తే మార్కులొచ్చే వాక్యం, ఇప్పుడు దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకుంది. వణుకుతోందంటే ఎక్కడో ఎవరో ఇంకా అరుస్తున్నారు. అరవండి అనుకుంది ఇథుంగు. గొంతు పోయేదాకా అరవండి.

కానీ కేక మంచిదేనని కూడా చెప్పలేం, అది తనకి బాగా తెలుసు, పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చూసింది. వానాకాలం, కొండ కింది ఇంట్లో మేకలు పోయాయని కేక లేచింది, నాన్న పంగకర్ర పట్టుకుని పరిగెత్తాడు, అందరూ పరిగెత్తారు, అరటి తోటలో ఎవడో కదిలాడు, అంతే, చీకట్లో పడ్డ దెబ్బకి మొహమేమిటో ఎవరు చూస్తారు, దివిటీ తెచ్చేసరికి కింద పడి ఉన్నది చిన్నాన్న, నాన్న సొంత తమ్ముడు, ఆయన కూడా కేక వినే అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చాడు, ముందు రావడమే ఆయన చేసిన తప్పు. కన్ను పోయింది. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు తమ్ముడికి తనే ముద్దలు కలిపి పెట్టేవాడు, కన్ను పోయినవాడికి చేతులు కూడా పోయినట్టు, చిన్నాన్న విసుక్కునేవాడు. ఒళ్ళూ అలాగే తప్పు చేస్తుంది. ఆలస్యంగా లేచిన కేక మరీ పెద్దదై ఆగకపోతే, దొంగ పారిపోయాక కూడా జనం ఆగకపోతే, రక్తనాళాలే చిల్లులు పడతాయి, మనిషి రోగంతో కాదు, కాపాడ్డానికొచ్చిన వాళ్ళ చేతుల్లో పోతాడు. ఈ నడుం నొప్పి, ఈ కళ్ళ వెనక పోటు, మోకాళ్ళు విరిచేస్తున్నట్టుండే ఈ బాధ, ఇందులో దొంగ చేసింది ఎంతో గాని సగానికి పైగా మనవాళ్ళు చేసిందే. భయమేస్తోందా అంటే వేస్తోంది. చచ్చేంత భయంగా ఉంది, దానికి సిగ్గుపడటం లేదు.

దిండు కింద రెండు మాత్రలున్నాయి. పొద్దున థెంబో ఇచ్చినవాటిలో మిగిలినవి కావు, మధ్యాహ్నం అన్నం క్యారేజీలో అరిటాకు మడతలో వచ్చాయి, కర్రపెండలం ముద్ద పక్కన, అత్తగారి పనే, ఆవిడకి ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరిలాగే గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టి వేడి చూసే జ్వరం తుపాకీ లోకువే, సంతకి వెళ్ళేటప్పుడు, చెక్‌పోస్టు దాటేటప్పుడు, చావుకి వెళ్ళేటప్పుడు ముందు రెండు మాత్రలు మింగి నీళ్ళు తాగి నీడలో కాసేపు కూర్చుంటారు, చల్లగా చేరిపోతారు. మోసమని అనుకోరు, గొడుగు వేసుకున్నట్టు అనుకుంటారు. అలా చల్లగా చేరిపోయినవాడే ఒకడు పోయిన నెల పెళ్ళికి వెళ్ళి అందరితో కలిసి ఒకే కుండలో గొట్టాలు పెట్టి బీరు తాగాడు. ఇప్పుడు మింగితే కారు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడుతుంది. చిన్న డాక్టరు మురుస్తాడు. తలుపు తీస్తారు. మాసికా బొద్దు చేతులు. మెడ కింద మడతలో పాల వాసన, పుల్లగా. పాలు రెండు రోజులుగా పిండి క్లోరిన్ బకెట్‌లో పోస్తోంది, తెల్లటి పాలు ఆ ఘాటు నీళ్ళలో విరిగి తరకలు తరకలుగా తేలుతుంటే మొహం తిప్పుకుంటోంది. రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి. మళ్ళీ ఆలోచిస్తే ఏమవుతుంది, ఇది మామూలు జ్వరమే కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, పేరు తెలీదని తనే కదా పాఠం చెప్పింది. కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఒళ్ళంతా గొంతు చించుకుని అరుస్తుంటే తన చేత్తో తనే దాని నోరు నొక్కి, ఏమీ లేదు, అంతా నిద్రపోతున్నారు, తలుపు తియ్యండి అనడం తన వల్ల కాదు. నొప్పికి మాత్ర వేసుకోవడం తప్పు కాదు, వేసుకుంటుంది, నిక్షేపంగా వేసుకుంటుంది, జ్వరం చూసి నలుగురికీ తెలిశాక. మాత్రలు తీసి గిన్నె మీద అందరికీ కనబడేలా పెట్టింది.

అప్పుడు ఏడుపు వినబడింది. ఏ బిడ్డ ఏడ్చినా తలెత్తుతుంది ఈ మధ్య, కానీ ఇది ఏ బిడ్డదో కాదు, ఈ ఏడుపు చివర చిన్న విరుపు ఉంటుంది, కోపంతో ఊపిరి మింగినట్టు, చెవి పోల్చుకునే లోపే పాలు దిగాయి, గౌను రెండు చోట్ల వెచ్చగా తడిసింది. లేచింది. గోడ పట్టుకుంది. గది ఒక్కసారి పక్కకి ఒరిగి మళ్ళీ నిటారుగా నిలబడింది. కిటికీ దాకా రావడానికి కొండెక్కినంత పనైంది. నారింజ రంగు ప్లాస్టిక్ వల అవతల, రాళ్ళు పేర్చిన గీత మీద సరిగ్గా బొటనవేళ్ళు ఆనించి, కబుగో నిలబడి ఉంది, వీపున గుడ్డలో మాసికా. కారు బజారులో డీజిల్ పోయించుకుంటోందట, అది వచ్చేదాకా ఆగలేక నడిచి వచ్చేసిందట, కోడికూర చల్లారిపోతోందట, మొగుడు మసెరెకా ఫోన్ చేశాడట, కోకో లారీతో కంపాలా వెళ్ళినవాడు దార్లు మూసేయడంతో అక్కడే ఉండిపోయాడు, అక్కడ్నుంచే ఏడుస్తున్నాడట. పొద్దున కూడా పిల్లకి జ్వరం చూశారట, లేదట. చెంచా చూస్తేనే మొహం తిప్పేస్తోంది, ఆవుపాలు ఉమ్మేస్తోంది, రాత్రంతా ఇదే పాట. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పి, ఆవిడ కోడలి మొహం చూసింది, చూసి ఆగిపోయింది.

"అత్తమ్మా, నేను రావట్లేదు. జ్వరం మళ్ళీ వచ్చింది."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు. నేనే చెప్తున్నా."

"ఎవరూ చూడని జ్వరాన్ని నువ్వెందుకే నెత్తికెత్తుకుంటావు? నేను పంపినవి మింగలేదా?"

మింగలేదని చెప్పింది. కబుగో వల పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆకాశం వైపు చూసి మొదలుపెట్టింది, చదువుకున్న పిల్ల వద్దురా అంటే విన్నాడా వాడు, కొండ మీద ఇంకెవరూ దొరకనట్టు, ఈవిడకి సీసాలూ సూదులే కన్నబిడ్డలు, చైర్మన్ బావగారు ఎంతమంది కాళ్ళు పట్టుకుంటే ఈ కారు వచ్చిందో తెలుసా, రేపు నలుగురిలో ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు. ఇథుంగు అన్నీ వింది. తిట్టడానికి ఆవిడకి హక్కుంది, రాత్రంతా బిడ్డని మోసింది ఆవిడే. తిట్లు అయిపోయాక కబుగో గొంతు తగ్గింది, అదే కష్టంగా అనిపించింది.

"ఒక్కసారి పట్టవే. ఈ కిటికీలోంచే. కడుపు నిండితే పడుకుంటుంది. తర్వాత నీ ఇష్టం, నెల్లాళ్ళు ఉండు ఇక్కడ, నేనేం అనను."

గౌను ముందు భాగం నాభి దాకా తడిసిపోయింది. చేతులు వాటంతట అవే కిటికీ చువ్వల దాకా వెళ్ళాయి, వెనక్కి లాగి చంకల్లో పెట్టుకుని బిగించింది. బిడ్డ గుడ్డలోంచి తల తిప్పింది, చూసింది, గుర్తుపట్టింది, ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఈ పాలల్లో ఏముందో నాకు తెలీదు అత్తమ్మా. తెలిసేదాకా ఒక్క చుక్క పట్టను. పెద్దయ్యాక చెప్పు దానికి, మీ అమ్మ కళ్ళెదురుగా ఉండి పాలివ్వలేదని చెప్పు. తిట్టుకోనీ. నన్ను తిట్టడానికి అది ఉండాలి."

తర్వాత థెంబోని పిలిచింది, గొంతు తనదేనా అనిపించేంత గట్టిగా. అతను రబ్బరు బూట్లలో, ఆ తెల్ల తొడుగులో చెమట్లు కక్కుతూ వచ్చాడు, గిన్నె మీద మాత్రలు చూశాడు, జ్వరం తుపాకీ నుదుటికి ఎదురుగా పెట్టాడు, అంకె చూసుకుని మళ్ళీ పెట్టాడు, కళ్ళద్దాల వెనక అతని కళ్ళు ఎటు చూడాలో తెలీక తిరిగాయి. పొద్దున మాత్రలిచ్చింది నేనే కదక్కా అని మెల్లిగా అన్నాడు. అది తర్వాత మాట్లాడదాం, అంకె పైకి చదువు, ఆవిడకి వినబడాలి అంది ఇథుంగు. చదివాడు. రోడ్డు మలుపులో కారు హారన్ మోగింది, థెంబో గేటు కాపలావాడికి చెయ్యి అడ్డంగా ఊపాడు, కారు కాసేపు అక్కడే గుర్రుమని, వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. చైర్మన్ గారు ఇక ఏడాది దాకా మాట్లాడడు, సరే, బతికుంటే ఆ మౌనం హాయిగా భరించవచ్చు.

కబుగో కారు వైపు చూడలేదు. రాళ్ళ గీత అవతలే నేల మీద చతికిలబడింది, వీపు మీది గుడ్డ ముడి విప్పింది, పిల్లని ఒళ్ళోకి తీసుకుంది, ఎందుకలా గుక్కపట్టి చస్తావే దొంగమొహందానా అని దాన్నీ, పనిలో పనిగా దేవుణ్ణీ కసిరింది. మాసికా మొహం పెట్టి ఆవిడ ఎదలో కుమ్ముతోంది, జాకెట్టు గుండీ నోటికి దొరికితే దాన్నే చప్పరించి, అందులో ఏమీ లేదని తెలిసి రంకె పెట్టింది. ఆవిడ ఒకసారి అటూ ఇటూ చూసింది. ఎనిమిది మందిని పెంచిన మనిషి, ఆఖరివాడు పాలు మానేసి పద్దెనిమిదేళ్ళు దాటింది. గుండీలు విప్పింది, ఎండిపోయి పొట్టకి జారిన రొమ్ము తీసి బిడ్డ నోటికి అందించింది. మాసికా పట్టింది, లాగింది, కోపంగా వదిలేసింది, మళ్ళీ పట్టింది. కబుగో పెదవి కొరుక్కుంది, నొప్పి పుట్టిందని తెలుస్తూనే ఉంది. తలెత్తి తిన్నగా కోడలి కళ్ళలోకి చూసింది.

"మా అమ్మ మా అక్క బిడ్డకి ఇలాగే పట్టింది. వదలకుండా పడితే పాలొస్తాయి. ఇటు నేను చూసుకుంటా, అటు నువ్వు చూసుకో."

కిటికీ ఇవతల పాలు గౌను అంచు నుంచి గచ్చు మీద పడుతున్నాయి, అవతల పాలు లేని రొమ్ము బిడ్డ నోట్లో ఉంది, ఏడుపు మాత్రం ఆగింది. ఇథుంగు మాత్రలు వేసుకుంది, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ సీసా థెంబో చేతిలోంచి అందుకుంది, కడుపులోంచి తన్నుకొస్తున్నదాన్ని బలవంతంగా కిందికి నొక్కి, వాళ్ళిద్దర్నీ చూస్తూ, సీసా అడుగు కనబడేదాకా తాగింది.